అన్నం తిన్న తెల్లారి

మా ఇంటాయనకు జబ్బుందని పగటిపూట చూసినవాళ్లెవరూ నమ్మేవాళ్లు కాదు. గద్వాల పక్కన పల్లెలో సీడ్ పత్తి చేసే రైతు ఆయన. ఎరువు బస్తా భుజానికెత్తుకుని చేను గట్టు మీద నడిచే మనిషి. అదే మనిషి కొన్ని రోజులు తెల్లవారుజామున కాలు కదపలేక పక్క మీదే పడి ఉండేవాడు. మధ్యాహ్నం దాటేసరికి లేచి చేనుకు పోయేవాడు. 2019 మే నుంచి 2021 చివరిదాకా ఆ జబ్బుకు పేరు దొరకలేదు. అన్నాళ్లూ మా ఇల్లు వంటింటిని నమ్ముకుని నడిచింది. ఆ వంట ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్ గోడకు పోషకాహారం చార్టు వేలాడుతుంటుంది. ఎముకలకు పాలు, రక్తానికి ఆకుకూర, కండకు గుడ్డు, కళ్లకు క్యారెట్టు. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నాం. ‘నీరసం’ అన్న మాట చెవిన పడితే చాలు, ఏం తినమని చెప్పాలా అని ఆలోచించడం నాకు అలవాటైపోయింది. పొటాషియం అనే పేరు మాత్రం ఆ చార్టులో ఎక్కడా లేదు.

మొదటిసారి వచ్చింది వనపర్తిలో, మా పుట్టింట్లో, మా తమ్ముడి పెళ్లిలో. ఇంటల్లుడు కదా అని ఆయన కూర్చోలేదు. ఎండలో షామియానా కట్టించాడు, గ్యాస్ సిలిండర్లు దింపించాడు, బియ్యం బస్తాలు మోశాడు. రాత్రి బగారన్నం, మటన్, పైన డబల్ కా మీఠా. మా అమ్మ అల్లుడికి కొసరి కొసరి వడ్డించింది. అలసటతో డాబా మీద చాప వేసుకుని పడుకున్నాడు. చీకటితోనే నన్ను పిలిచాడు.

“ఏమే, కాళ్లు లేస్తలేవు.”

తిమ్మిరెక్కిందేమో అనుకుని కాళ్లు రుద్దాను. గిల్లితే తెలుస్తోంది, నొప్పి తెలుస్తోంది. మాట బాగానే ఉంది, మూతి వంకర పోలేదు. పాదం కొద్దిగా ఆడుతోంది గానీ తొడ మాత్రం మంచం కోడులా బిర్రుగా, బరువుగా ఉంది. చేతులు భుజం దాకా ఎత్తలేకపోయాడు. కింద పెళ్లివారు నిద్రలేస్తున్నారు. ఎవరో పక్షవాతం అన్నారు, ఎవరో ఎండదెబ్బ అన్నారు, మా మేనత్త దిష్టి తీసింది. వీధి చివర ఉండే ఆర్ఎంపీ వచ్చి బీపీ చూసి, నీరసమేనని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. మా పల్లెల్లో నీరసానికి ఉన్న మందు అదే. బాటిల్ సగమయ్యేసరికి అప్పటిదాకా కాస్త కదిలిన చేతివేళ్లు కూడా పట్టు తప్పాయి. మా నాన్న భయపడి ఆటో తెప్పించేలోపు, ఎండ బాగా ఎక్కాక, నెమ్మదిగా తేరుకోవడం మొదలైంది. సాయంత్రానికి తన కాళ్లతో తానే నడిచి డాక్టరు దగ్గరికి వచ్చాడు. రక్తం తీశారు. షుగర్, హిమోగ్లోబిన్, లవణాలు అన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఆ ‘మామూలు’ మమ్మల్ని చాలా కాలం తిప్పింది. గద్వాలలో చూపించాం, కర్నూలులో చూపించాం. మాకు హైదరాబాద్ కంటే కర్నూలే దగ్గర, పెద్ద జబ్బంటే మా వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ ఊరే. అక్కడ ఒక చోట నడుముకు ఎంఆర్ఐ తీసి డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. ఇంకో చోట నరాల పరీక్ష చేసి బాగానే ఉందన్నారు. మరో చోట నన్ను పక్కకు పిలిచి ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఏ డాక్టరు ముందు కూర్చున్నా ఆయన బాగానే ఉండేవాడు. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగిరేది. చెయ్యి నొక్కమంటే డాక్టరు చెయ్యే నొప్పి పుట్టేలా నొక్కేవాడు. తెల్లవారుజామున లేవలేని మనిషి ఈయనేనని నేను చెబితే, వినేవాళ్ల ముఖంలో అనుమానం కనిపించేది.

మా అత్తమ్మకు మాత్రం అనుమానమే లేదు. “వాతం బిడ్డా, వాతం. అన్నం తగ్గియ్యి, ఆలుగడ్డ, వంకాయ మాన్పియ్యి” అనేది. ఆమె మాటకు ముందు నేను ఎదురు చెప్పాను. పనిచేసే మనిషికి బలం కావాలి కదా అని పొద్దున రాగి జావలో బెల్లం, రాత్రి కంచం నిండా అన్నం, ఆదివారం పాయ, పాలల్లో ఖర్జూరాలు పెట్టాను. కండ తగ్గుతున్నట్టు అనిపించేది, ఇంకా పెట్టాను. ఆకలి కూడా ఆయనకు అప్పటికే ఎక్కువగానే ఉండేది.

మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తాను. ఆయన లేవలేని రోజున కూడా ఆ గడిలోనే ఒక గుండు సున్నా చుట్టడం మొదలుపెట్టాను. డాక్టరుకు తేదీలు చెప్పడానికి పనికొస్తుందని తప్ప వేరే ఆలోచన లేదు. తెలుగు క్యాలెండర్‌లో పండుగలు ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. నా సున్నాలు చాలావరకు ఆ ఎర్ర అక్షరాల మర్నాడే పడ్డాయి. వినాయక చవితి మర్నాడు, దసరా మర్నాడు, చుట్టాల పెళ్లి మర్నాడు. పండుగ కానిచోట సున్నా పడితే, ముందురోజు పొలంలో విరగబడి పని చేసి వచ్చి, కల్లు తాగి, అన్నం మెండుగా తిని పడుకున్న రోజు అది. రొట్టె తిన్న రాత్రుల పక్కన సున్నాలు దాదాపు లేవు.

ఇక పనీ తిండీ ఎక్కువగా కలిసొచ్చేది క్రాసింగ్ కాలంలో. సీడ్ పత్తి సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. గద్వాల ప్రాంతంలో హైబ్రిడ్ పత్తి విత్తనం చేతితోనే తయారవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రందాకా ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకునే మొగ్గలు వెతికి, గోటితో పూరేకులు, పుప్పొడి తీసేసి, గుర్తు పెట్టాలి. తెల్లారి మగ వరుసల పూలు కోసుకొచ్చి, ఆ మొగ్గల మీద ఒక్కొక్కదానికి రుద్దాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక్క పూట ఆగినా ఆ పూట మొగ్గలు పోయినట్టే. కూలీలు పొద్దున్నే వస్తారు, యజమాని పక్క మీద పడి ఉంటాడు. “నీ మొగుడు రాత్రి ఎక్కువ తాగిండా ఏంది?” అని ఒకామె నవ్వుతూ అడిగింది. ఆ నవ్వుకు జవాబు చెప్పడానికి మా దగ్గర జబ్బు పేరు లేదు.

2020 మార్చిలో హైదరాబాద్ పోదామని నిర్ణయించుకున్నాం. పాత కాగితాలన్నీ సంచిలో సర్దాను. లాక్‌డౌన్ వచ్చింది. రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, ఆస్పత్రుల్లో మామూలు ఓపీలు మూతపడ్డాయి. ఇక మాకు మిగిలింది క్యాలెండరూ, పొయ్యీ.

అప్పుడు అత్తమ్మ మాటా, నా సున్నాలూ కలిపి ఒక పద్ధతి పెట్టాను. రాత్రి అన్నం పూర్తిగా మానేశాం. దీపాలు పెట్టే వేళకే రెండు జొన్నరొట్టెలు, పక్కన చిక్కగా కందిపప్పు వేసిన పుంటికూర గానీ తోటకూర గానీ. మా పాలమూరులో జొన్నరొట్టె కొత్త తిండి కాదు. మా అమ్మమ్మ కాలంలో రోజూ అదే, అన్నం పండుగకు. రూపాయికి కిలో బియ్యం వచ్చాక రొట్టె వెనక్కి పోయింది. మరుగుతున్న నీళ్లలో పిండి పోసి, కలిపి, వేడి చల్లారకముందే మర్దించి, పీట మీద తట్టి పెంక మీద వేయాలి. నీళ్లు కాగకపోతే అంచులు పగులుతాయి. నాకు ఆ పని సరిగా రాదు. అత్తమ్మే పక్కన కూర్చుని నేర్పింది.

మధ్యాహ్నం అన్నం ఉండేది గానీ ఒకేసారి కంచం నింపడం మానేశాను. పొద్దున పదింటికి పిడికెడు వేయించిన పల్లీలు, మజ్జిగ. మధ్యాహ్నం కొంచెం అన్నం, దానికి సమానంగా పప్పు, కూర. సాయంత్రం గుగ్గిళ్లు. బెల్లం జావ పోయింది, చక్కెర చాయ్ పోయింది, కూల్‌డ్రింకు పోయింది. ఊరగాయ తగ్గింది. ఆదివారం కల్లు మాన్పించడమే అన్నిటికంటే కష్టమైంది. దొరికిన రోజు కొబ్బరినీళ్లు. ఎందుకంటే తాగితే ఒళ్లు తేలికగా ఉందని ఆయనే అన్నాడు. ఆలుగడ్డ, వంకాయ మా ఇంట్లో కనిపించనే లేదు, అత్తమ్మ ఆజ్ఞ.

ఆయన తనంతట తాను కనిపెట్టింది ఒకటి ఉంది. రాత్రి మెలకువ వచ్చి తొడలు బిగదీసినట్టు అనిపిస్తే వెంటనే లేచి వాకిట్లో మెల్లగా నడిచేవాడు. కాసేపు తిరిగితే సర్దుకునేది. బద్ధకించి అటు తిరిగి పడుకుంటే తెల్లారి లేవలేకపోయేవాడు. మా కుక్క కూడా ఆయన వెంబడి తిరగడానికి అలవాటు పడింది.

ఫలితం కనిపించింది. ఆ ఏడాది క్యాలెండర్‌లో సున్నాలు బాగా తగ్గాయి. ఇక హైదరాబాద్ ఎందుకన్నాడు ఆయన. ఊళ్లో నాకు పేరొచ్చింది. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము నొప్పులవాళ్లు వచ్చి రొట్టె లెక్క అడిగి రాసుకుని పోయేవాళ్లు.

సున్నాలు తగ్గాయి గానీ, క్యాలెండర్‌లో పట్టనివి వేరేవి పెరిగాయి. 2021 ఉగాదికి కుట్టించిన చొక్కా వానాకాలానికి వదులైంది. ముందుకంటే ఎక్కువ తింటున్నాడు, సన్నబడుతున్నాడు. చలికాలంలోనూ దుప్పటి తన్నేసేవాడు, చెమటలు పట్టేవి. ఊరికే కూర్చున్నా గుండె దడదడ అంటోందనేవాడు. క్రాసింగ్‌లో ఎప్పుడూ చురుకైన చెయ్యి, ఆ ఏడు మొగ్గ పట్టుకుంటే వేళ్లు సన్నగా వణికి, కీలాగ్రం కూడా తెగిపోయేది. రొట్టె వీటిలో దేన్నీ ఆపలేదు. కాళ్లు పడిపోవడం ఒక్కటే జబ్బని మేం అనుకుంటున్నాం కాబట్టి ఇవన్నీ వయసో, దిగులో, అప్పో అనుకున్నారు ఇంట్లోవాళ్లు.

ఆ కార్తీకంలో నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశం. అన్నగా ఆయన పగలంతా పని చేశాడు. ఇసుక ఎత్తించాడు, కుర్చీలు దింపించాడు. మధ్యాహ్నం పులిహోర, భక్ష్యాలు, రాత్రి దగ్గరివాళ్లకు దావత్. చెల్లెలు వడ్డిస్తుంటే వద్దనలేదు. నేను దూరం నుంచి కళ్లతోనే చెప్పాను, ఆయన చూడనట్టు ఉన్నాడు. తెల్లవారుజామున కొత్త ఇంటి కొత్త గదిలో మళ్లీ అదే పిలుపు. ఈసారి మెడ కూడా దిండు మీద నుంచి లేవలేదు.

ఇంతకాలం డాక్టర్లు చూసింది బాగున్న మనిషినే. ఇప్పుడు తేరుకునేదాకా ఆగకూడదని నాకు గట్టిగా అనిపించింది. “వదినా, జర సేపు చూద్దాం, ఎండెక్కితే మంచిగైతడు గద” అంది ఆడబిడ్డ. “మంచిగైనంక తీస్కపోతే ఏం దొరకదు. ఇట్లనే తీస్కపోదాం” అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్లి ఆటోలో పడుకోబెట్టారు.

సర్కారు దవాఖానలో రాత్రి డ్యూటీ ముగించుకుని పోబోతున్న ఒక చిన్న డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. కాళ్లు చూసింది, చేతులు చూసింది. తర్వాత అడిగిన ప్రశ్న నేను రెండేళ్లుగా ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసిన ప్రశ్న.

“రాత్రి ఏం తిన్నడమ్మా?”

చెప్పాను. పగలు చేసిన పని చెప్పాను. ఫోన్‌లో ఉన్న క్యాలెండర్ ఫొటో చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసి చూసి, ముందు గుండె పరీక్ష చేయించింది, వెంటనే రక్తం పంపించింది. ఒక నర్సు అలవాటుగా గ్లూకోజ్ సీసా తెస్తుంటే వద్దని ఆపింది. ఈసీజీ కాగితం మీద మామూలు అలల వెనక ఇంకో చిన్న అల వస్తోందని నాకు వేలితో చూపించింది. రక్తంలో పొటాషియం 2.1 వచ్చింది. మూడున్నర నుంచి అయిదు దాకా ఉండాలి.

పొటాషియం సిరప్ తాగించారు, సెలైన్‌లో కలిపి కొద్దికొద్దిగా ఎక్కించారు. “జల్దీ ఎక్కియ్యొచ్చు గద మేడం” అని మా మరిది తొందరపడితే ఆమె వివరంగా చెప్పింది. ఈ జబ్బులో లోపలికి పోయిన పొటాషియం దానంతటదే బయటికి వచ్చేస్తుంది. మనం తొందరపడి ఎక్కువ పోస్తే, రెండూ కలిసి హద్దు దాటి గుండెనే ఆపగలవు. అందుకే మధ్యమధ్యలో రక్తం తీసి చూస్తూ ఉన్నారు. మధ్యాహ్నానికి ఆయన లేచి మంచం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఆమె ఆయన్ను రెండు చేతులూ ముందుకు చాపమంది. చాపిన వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. కాగితం సన్నగా ఊగింది.

“థైరాయిడ్ ఎప్పుడన్నా చూపించిన్రా?”

“అది ఆడోళ్ల జబ్బు గద మేడం?” అన్నాడు ఆయన.

థైరాయిడ్ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, నిజమే. అది ఎక్కువైనప్పుడు కాళ్లు చేతులు పడిపోయేది మాత్రం చాలావరకు మగవాళ్లకే, అదీ ఇరవై నలభై ఏళ్ల మధ్య వాళ్లకు. మెడ దగ్గర వాపు కనిపించకపోవచ్చు. ఆ ఏడాదే గద్వాలలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం తెరిచారు. ఊరికి వచ్చాక అక్కడ రక్తం ఇచ్చాం. టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే ఉంది, టీ3, టీ4 బాగా పైకి పోయి ఉన్నాయి.

ఆ కాగితాలతో రైలెక్కి హైదరాబాద్ పోయాం. వనపర్తి రోడ్డు స్టేషన్లో మా తమ్ముడు తోడుగా ఎక్కాడు. స్టేషన్ పేరు వనపర్తిదే గానీ ఉండేది మదనాపురంలో, అందుకని వాడు చీకటితోనే బయల్దేరి వచ్చాడు. పంజాగుట్ట నిమ్స్‌లో హార్మోన్ల విభాగం ముందు వరుసలో నిలబడ్డాం. అక్కడి డాక్టరు మళ్లీ పరీక్షలు చేయించాడు. మూత్రం పరీక్ష, రక్తంలో బైకార్బనేట్ కూడా చూశారు. మూత్రపిండాలు ఆమ్లాన్ని సరిగా బయటికి పంపలేకపోయినా పొటాషియం ఇలాగే పడిపోతుందట. ఆ జబ్బయితే మందు వేరు, తిండితో దాచిపెడితే ఎముకలూ మూత్రపిండాలూ పాడవుతాయి. మా ఆయనకు అది కాదని తేల్చి, గ్రేవ్స్ జబ్బు అన్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి థైరాయిడ్ గ్రంథిని ఆపకుండా పని చేయిస్తుంది.

నాకు అర్థం కావాల్సింది ఇంకొకటి మిగిలింది. పొటాషియం తక్కువైతే కొబ్బరినీళ్లు, పప్పు, ఆకుకూరలు పెట్టి నేను దాన్ని నింపానా? ఆ మాటే అడిగాను.

“ఒంట్లో పొటాషియం ఎక్కడికీ పోలేదమ్మా. నూటికి 98 పాళ్లు ఎప్పుడూ కణాల లోపలే ఉంటది. బయట రక్తంలో ఉండేది కొంచెమే. ఊరి జనమంతా ఇండ్లలకు పోయి తలుపులేసుకుంటే బజార్ల పని ఎట్ల నడుస్తది? గంతే” అన్నాడు.

తలుపు తోసేది ఇన్సులిన్. అన్నం, తీపి, గ్లూకోజ్ ఎక్కువగా పడ్డప్పుడు ఇన్సులిన్ ఉప్పొంగుతుంది, చక్కెరతోపాటు పొటాషియాన్నీ కణాల్లోకి నెడుతుంది. అందరికీ ఇది జరిగేదే. థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్నవాళ్ల కండరాల్లో ఆ నెట్టే పంపులు ముందే జోరు మీద ఉంటాయి. పుట్టుకతో ఈ జబ్బుకు లోనయ్యే గుణం ఉన్న కొందరిలో రక్తంలోని పొటాషియం ఒక్క రాత్రిలో అడుగంటుతుంది. పని చేస్తున్నంతసేపు కండరం పొటాషియాన్ని బయటికి వదులుతుంది, విశ్రాంతి తీసుకోగానే మళ్లీ లాక్కుంటుంది. ఆయన వాకిట్లో నడిస్తే సర్దుకున్నదీ, కష్టపడి పడుకుంటే బిగుసుకుపోయిందీ అందుకే. వనపర్తిలో గ్లూకోజ్ ఎక్కాక చేతివేళ్లు కూడా పట్టు తప్పడానికి కారణం ఆ ఇన్సులినే. దాడి తగ్గాక రక్తం తీస్తే పొటాషియం మామూలుగానే కనిపిస్తుంది.

ఊరికొచ్చాక మా సూపర్‌వైజర్ మేడం దగ్గర తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. వంద గ్రాముల తెల్లబియ్యంలో పొటాషియం వంద మిల్లీగ్రాముల పైచిలుకు. జొన్నల్లో దానికి మూడింతలు. కందిపప్పులో పదింతలకు పైన. అత్తమ్మ నిషేధించిన ఆలుగడ్డ బియ్యం కంటే ఎంతో మేలు, వంకాయ ఏ పాపమూ ఎరగదు. వాతం అన్న లెక్క తప్పింది గానీ రాత్రి అన్నం తగ్గించమన్న మాట నిలిచింది. అదీ పొటాషియం కోసం కాదు, ఒక్కసారిగా పడే పిండిపదార్థం తగ్గినందుకు. రెండు రొట్టెలు తిన్న మనిషి కంచం అన్నం తిన్నంత తినడు, రొట్టె నెమ్మదిగా అరుగుతుంది, పక్కన పప్పూ కూరా ఉంటాయి.

జపాన్‌లో 1957లో లెక్క చూస్తే, థైరాయిడ్ ఎక్కువైన మగవాళ్లలో నూటికి ఎనిమిది మందికి ఈ పక్షవాతం వచ్చేదట. 1991 నాటికి అది నాలుగుకు దిగింది. అన్నం తగ్గి తిండి మారడమే ఇందుకు ఒక కారణం కావచ్చని అక్కడి వైద్యులు అనుకున్నారు. ఈ సంగతి చెబితే అత్తమ్మ ఆశ్చర్యపోలేదు. “జపానోళ్లకు గూడ మా అసుంటి అత్తలుంటరు” అంది. అయితే సగానికి తగ్గింది గానీ సున్నా కాలేదు. తిండి మారినా థైరాయిడ్ అలాగే ఉంటే జబ్బు లోపలే ఉంటుంది. మా ఇంట్లో జరిగిందీ అదే. రొట్టె కాళ్లను కాపాడింది, గుండె మాత్రం రెండేళ్లపాటు పరుగెత్తుతూనే ఉంది.

కార్బిమజోల్, ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. రెండోది గుండె దడకు, వణుకుకు, ఈ దాడులు రాకుండా ఆపడానికి కూడా. మొదటిది వాడుతున్నప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి ఆ రోజే రక్తకణాల లెక్క చూపించుకోమని గట్టిగా చెప్పారు. పొటాషియం సిరప్ రోజూ తాగక్కర్లేదన్నారు. దాడి లేనప్పుడు అది కాపాడదు. థైరాయిడ్ అదుపులోకి వచ్చేదాకా మా వంట అలాగే కొనసాగించమన్నారు. తక్కువ తక్కువగా తినడం, తీపి, కల్లు, రాత్రి విందు మానడం. ఇప్పుడు ఎందుకు చేస్తున్నామో తెలిసి చేశాం.

తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. ఇప్పుడు గ్రంథి పని తగ్గింది కాబట్టి పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటాడు, ఎప్పటికీ వేసుకోవాలి. కాళ్లు మళ్లీ పడిపోలేదు. పండక్కి భక్ష్యాలు తింటాడు, పెళ్లికి పోతే బగారన్నం తింటాడు. జొన్నరొట్టె మాత్రం మానలేదు, రుచి మరిగాడు.

వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, 2024లో గద్వాలకూ వచ్చింది. ఇక ఇలాంటి మనిషిని బాగున్నప్పుడు కాదు, పడిపోయినప్పుడే చూసే డాక్టరు దగ్గర్లో ఉంటాడని నా ఆశ.

నా రొట్టె లెక్క రాసుకుపోయినవాళ్లలో మా వాడకట్టులోని ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకూ నీరసమే, కాళ్లు ఈడుస్తూ నడిచేది. మా ఇంట్లో చూసి రోజూ కొబ్బరినీళ్లు తాగడం మొదలుపెట్టింది. మా ఆయన సంగతి తేలాక నాకు భయమేసి ఆమెను గద్వాల తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. ఆమె మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయి. రక్తంలో పొటాషియం ఉండాల్సినదాని కంటే ఎక్కువగా ఉంది. కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నారు, ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోసి వండుకోమన్నారు. ఒకే వాడకట్టు, ఒకే నీరసం. మా ఆయనకు తేలికనిచ్చిన నీళ్లే ఆమెకు ప్రాణం మీదికి తెచ్చేవి.

ఇప్పటికీ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లు అడుగుతుంటారు. “టీచరమ్మా, మా ఇంటాయనకు కాళ్లల్ల బలం లేదు, ఏం పెట్టాలె?” నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఎప్పుడొస్తది? ముందురోజు ఏం తిన్నడు, ఏం పని చేసిండు? అది ఉన్నప్పుడు రక్తం ఇచ్చిండా? మూడోదానికి లేదంటే వంట సంగతి ఎత్తను. గద్వాలకు బస్సు ఎప్పుడుందో చెబుతాను.